చక్రం పెరిగితే బండి పెరుగుతుందా?

మన కళాశాల ఆవరణలో గ్రంథాలయానికి వెనుక వైపున ఉన్న వాహనాల షెడ్డును తీరిక వేళ ఒకమారు చూచి రావలసిందిగా పాఠకులకు మనవి. అక్కడ కొత్త వాహనాలు తక్కువ, పాతవి ఎక్కువ. తండ్రి నడిపి అలసిన మారుతి కారు కుమారునికి వచ్చింది. పెదనాన్న వాడి వదిలిన మోటారు సైకిలు తమ్ముని కొడుకుకు వచ్చింది. వాటి శరీరాలు పాతవే గాని, చక్రాలు మాత్రం నిన్న కొన్నవి. అవి మెరుస్తూ ఉంటాయి, వెడల్పుగా ఉంటాయి, వాహనం తయారైననాటి కొలత కంటె ఒకటి రెండు అంగుళాలు పెద్దవిగా ఉంటాయి. కొన్ని చక్రాలైతే మడ్‌గార్డు అంచును దాటి వెలుపలికి తొంగి చూస్తూ ఉంటాయి.

ఈ అలంకారాన్ని చూచి నవ్వేవారిలో మేము లేము. కొత్త కారు కొనే స్తోమత లేని యువకుడు ఉన్న కారుకే కొంత ఠీవి తేవాలనుకోవడం తప్పు కాదు. నలుగురిలో తలెత్తుకొని తిరగాలనే కోరిక వయస్సుకు సహజం. కాని చక్రం చొక్కా వంటిది కాదు. చొక్కా బిగుతైతే వేసికొన్నవాడికే ఇబ్బంది. చక్రం కొలత తప్పితే ఆ బండిలో కూర్చున్నవారికీ, ఎదురుగా వచ్చేవారికీ కూడా అపాయమే. ఈ విషయమై విద్యార్థులకూ, కళాశాల కమిటీ వారికీ మా అభిప్రాయాన్ని విన్నవించుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇది పరులకు చెప్పే నీతి మాత్రమే కాదు. ఈ తప్పు మొదట మేమే చేశాము.

మా తండ్రిగారు ఉపాధ్యాయులుగా పని చేసి, పదవీ విరమణ సమయంలో చేతికి వచ్చిన సొమ్ములో కొంత వెచ్చించి ఒక మారుతి 800 కారు కొన్నారు. వారి తదనంతరం అది మాకు సంక్రమించింది. డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడు దానిని చూచినప్పుడల్లా, “మామూ, ఈ చిన్న చక్రాల మీద బండి బొమ్మలా ఉంది. అల్లాయ్ చక్రాలు వేయిద్దాం” అని పోరు పెట్టేవాడు. కొన్నేళ్ళ క్రితం ఒక సెలవు దినాన మేమూ మెత్తబడ్డాము. దుకాణంవారు 13 అంగుళాల రిమ్ములూ, వాటికి తగిన టైర్లూ బిగించి ఇచ్చారు. ఇంటి ముందు నిలిపి చూచుకుంటే బండి నిజంగానే ఎత్తుగా, హుందాగా కనిపించింది. ఊరిలో వారం రోజులు తిరిగినా ఏ చప్పుడూ రాలేదు.

తరువాత శ్రీశైలం జలాశయం చూచుటకై కర్నూలు మీదుగా బయలుదేరాము. మా తల్లిగారు, అక్కయ్య, బావగారు, మేనల్లుడు, మేము, వెరసి ఐదుగురం. వెనుక డిక్కీ నిండా సామాను. ఆత్మకూరు దాటి నల్లమల అడవిలో ప్రవేశించిన తరువాత, మలుపు తిరిగినప్పుడల్లా వెనుక కుడి వైపు నుండి బరబరమని ఒక శబ్దం రాసాగింది. రోడ్డు బాగాలేదని సరిపెట్టుకున్నాము. ఒక గుంతలో బండి దిగి లేచిన మరుక్షణమే టైరు పగిలింది. వేగం తక్కువగా ఉండడం వలన, ఎదురుగా ఏ లారీ రాకపోవడం వలన బయటపడ్డాము. దిగి చూస్తే టైరు పక్క గోడ మడ్‌గార్డు లోపలి అంచుకు రాసుకొని, కత్తితో కోసినట్లు చుట్టూ చీలి ఉంది.

అంతటితో కథ ముగియలేదు. స్టెప్నీ పాత 12 అంగుళాల చక్రమే. కొత్త రిమ్ములకు ఇచ్చిన నట్లు దానికి సరిగా కూర్చోలేదు. పాత నట్లు ఇంటి దగ్గర అలమారాలో ఉన్నాయి. దారిన పోయే జీపులో మేనల్లుణ్ణి ఆత్మకూరు పంపి, నట్లు తెప్పించేసరికి చీకటి పడింది. అది పులులు సంచరించే అరణ్యం. మా తల్లిగారు కారు అద్దాలు ఎక్కించుకొని లోపల కూర్చొని, ఆ రెండు మూడు గంటలూ ఒక్క మాట కూడా మాతో మాట్లాడలేదు. ఆ మౌనం మాకు ఈనాటికీ గుర్తే.

మరునాడు మా పేటలోని ఒక వృద్ధ మెకానిక్కు బండిని చూపించాము. అందరూ ఆయనను ఉస్తాద్ అంటారు. ఆయన కొత్త చక్రాన్ని చేతితో తడిమి, బండి వెనుక భాగాన్ని రెండు చేతులతో అదిమి చూచి, “సాబ్, ఖాళీ బండికి కొలత చూశారు. నిండు బండికి చూడలేదు” అన్నారు. పుస్తకాల మధ్య బ్రతికే మాకు ఆ ఒక్క మాట పెద్ద పాఠమైంది. ఆనాటి నుండి ఈ లెక్కను తెలిసికొనే ప్రయత్నం చేశాము. తెలిసినంత మేరకు ఇక్కడ వివరిస్తున్నాము.

ప్రతి టైరు పక్క గోడ మీదా కొన్ని అంకెలు ముద్రించి ఉంటాయి. మారుతి 800కు వాడుకలో ఉన్న టైరు మీద 145/70 ఆర్ 12 అని ఉంటుంది. 145 అనగా టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అనగా పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 70 పాళ్ళు. ఆర్ అనగా రేడియల్ టైరు. 12 అనగా రిమ్ము వ్యాసం, అంగుళాలలో. ఇక లెక్క ఎనిమిదవ తరగతి విద్యార్థి చేయగలిగినదే. 145లో నూటికి 70 పాళ్ళు 101.5. పైన ఒక గోడ, క్రింద ఒక గోడ, కనుక 203 మిల్లీమీటర్లు. 12 అంగుళాలు 304.8 మిల్లీమీటర్లు. మొత్తం చక్రం వ్యాసం సుమారు 508 మిల్లీమీటర్లు. చుట్టుకొలత ఇంచుమించు 1.6 మీటర్లు. కిలోమీటరు దూరం పోవడానికి ఈ చక్రం సుమారు 627 మార్లు తిరుగుతుంది.

మాకు బిగించిన టైరు 165/65 ఆర్ 13. అదే విధంగా లెక్కిస్తే దాని వ్యాసం సుమారు 545 మిల్లీమీటర్లు. అది కిలోమీటరుకు 584 మార్లే తిరుగుతుంది. పెరిగింది 37 మిల్లీమీటర్లే కదా అని తోచవచ్చు. కాని శాతంలో చూస్తే అది 7కు పైమాటే. ఈ పనిలో అనుభవం గలవారు వ్యాసంలో తేడా రెండు మూడు శాతానికి మించరాదంటారు. మేము ఆ హద్దుకు రెట్టింపు కంటె ఎక్కువ దాటామన్నమాట.

ఈ 7 శాతం బండిలో ఎక్కడెక్కడికి పాకుతుందో గమనించండి. స్పీడోమీటరు వేగాన్ని రోడ్డును చూచి చెప్పదు. చక్రాన్ని నడిపే యంత్రం ఎన్ని మార్లు తిరిగిందో లెక్కించి చెబుతుంది. పెద్ద చక్రం ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుందని దానికి తెలియదు. కావున ముల్లు 60 చూపుతున్నప్పుడు బండి నిజానికి 64 దాటి పోతూ ఉంటుంది. వేగం 7 శాతం పెరిగితే బండిలోని గతిశక్తి సుమారు 15 శాతం పెరుగుతుంది. వేగం వర్గాన్ని అనుసరించి శక్తి పెరుగుతుందని భౌతికశాస్త్ర విద్యార్థులకు విదితమే. ఆగడానికి పట్టే దూరమూ ఆ ప్రకారమే పెరుగుతుంది. నడిపేవాడు మాత్రం తాను 60లోనే ఉన్నానని నమ్ముతూ ఉంటాడు.

ఇటు బ్రేకు సంగతి చూడండి. కాలితో అదే బలం ఉపయోగించినప్పుడు, చక్రం వ్యాసార్ధం పెరిగిన కొద్దీ రోడ్డు మీద పని చేసే ఆపుదల బలం తగ్గుతుంది. మా బండి విషయంలో ఆ తగ్గుదల దాదాపు 7 శాతం. ఒక వంక వేగం తెలియకుండా పెరిగింది, మరొక వంక బ్రేకు పట్టు తగ్గింది. ఈ రెండూ ఒకేసారి కలిసి వచ్చేది, రోడ్డుకు అడ్డంగా ఒక బాలుడు పరుగెత్తినప్పుడు.

ఇంజను మీద పడే భారం వేరు. పెద్ద చక్రాన్ని కదిలించడానికి మొదటి గేరులో ఎక్కువ బలం కావాలి. ఎత్తు ఎక్కేటప్పుడు నడిపేవాడు క్లచ్‌ను సగం నొక్కి పట్టి నడుపుతాడు. క్లచ్ ప్లేటు త్వరగా అరిగిపోతుంది. పాత బండికి మొదటే దమ్ము తక్కువ. మీదుమిక్కిలి, ఓడోమీటరు 100 కిలోమీటర్ల ప్రయాణాన్ని 93గా చూపుతుంది. పెట్రోలు లెక్క తారుమారై, యజమాని లేని రోగానికి ఇంజను విప్పిస్తాడు. మేమూ ఆ ఖర్చు ఒకమారు భరించాము.

వ్యాసం సరిపోయినా తీరని సమస్యలు మరికొన్ని ఉన్నాయి. రిమ్ములోని బోల్టు రంధ్రాల మధ్య దూరం హబ్బుతో అచ్చుగా కలవాలి. మధ్య రంధ్రం హబ్బును పట్టి ఉండాలి. దగ్గరగా ఉంది కదా అని నట్లు లాగి బిగిస్తే అవి కొంతకాలం కూర్చుంటాయి, తరువాత వదులవుతాయి. ఇక ఆఫ్‌సెట్ అనే కొలత అన్నిటికంటె ముఖ్యం, అందరూ మరిచేదీ అదే. రిమ్ము హబ్బుకు ఆనుకొనే తలం, రిమ్ము వెడల్పు నడిమి గీతకు ఎంత దూరంలో ఉన్నదో తెలిపేది ఆఫ్‌సెట్. అది మారితే చక్రం లోపలికి జరుగుతుంది, లేదా వెలుపలికి పొడుచుకు వస్తుంది. వెలుపలికి వచ్చిన చక్రం చూడడానికి దర్జాగా ఉంటుంది గాని, బేరింగు మీద బరువు పక్కకు లాగుతుంది. గుంతలో పడినప్పుడు స్టీరింగు చేతిలో కొట్టుకుంటుంది. మా టైరు రాసుకోవడానికి వ్యాసం ఒక కారణమైతే, ఆఫ్‌సెట్ రెండవ కారణమని ఉస్తాద్ తేల్చారు.

మోటారు సైకిళ్ళ యజమానులు ఇది తమకు వర్తించదని భావించరాదు. పాత మోటారు సైకిలు వెనుక చక్రానికి లావుపాటి టైరు వేయడం నేడు పరిపాటి అయింది. సన్నని రిమ్ము మీద వెడల్పు టైరు ఎక్కిస్తే దాని అంచులు లోపలికి నొక్కుకుపోయి, నడిమి భాగం ఉబ్బుతుంది. రోడ్డుకు తాకే భాగం అనుకున్నంత పెరగదు. మలుపులో బండి వంగినప్పుడు ప్రవర్తన మారుతుంది. ఒక ప్రక్క చైను, మరొక ప్రక్క బ్రేకు కడ్డీ టైరుకు అతి సమీపంలో ఉంటాయి. వెనుక మరొకరు కూర్చున్నప్పుడు ఆ కొద్దిపాటి సందు ఉంటుందో ఉండదో కూడా చూచుకోవాలి.

అయితే చక్రం కొలత మార్చడమే మహాపరాధమా? కాదు. తయారీదారులే కాలక్రమాన కొలతలు మార్చారు. అందుకు చక్కని దృష్టాంతం ఇంగ్లండులోని మినీ కారు. ఎలెక్ ఇసిగోనిస్ రూపొందించిన ఆ కారు 1959లో 10 అంగుళాల చక్రాలతో వెలువడింది. 1984లో దానికి 12 అంగుళాల చక్రాలు వచ్చాయి. కేవలం అందానికి కాదు, ముందు చక్రాలకు పెద్ద డిస్కు బ్రేకులు అమర్చడానికి లోపల చోటు కావలసి వచ్చింది. అప్పుడు దానికి వేసిన టైరు 145/70 ఆర్ 12, అనగా మన మారుతి 800 టైరు కొలతే. 1990లలో అదే కారుకు 13 అంగుళాల రిమ్ములు కూడా ఇచ్చారు. వాటి టైరు 175/50 ఆర్ 13. లెక్కించి చూడండి. దాని వ్యాసం సుమారు 505 మిల్లీమీటర్లు. రిమ్ము ఒక అంగుళం పెరిగినా, టైరు గోడ ఎత్తు తగ్గించడం వలన మొత్తం చక్రం మూడు మిల్లీమీటర్లు కూడా మారలేదు. వెడల్పు పెరిగింది కనుక మడ్‌గార్డులను కూడా వెడల్పు చేశారు.

మేము ఈ వ్యాసం ద్వారా చెప్పదలచినది ఈ ఒక్క ఉదాహరణలో ఇమిడి ఉంది. తెలిసినవారు రిమ్ము పెంచినప్పుడు మరొకటి తగ్గిస్తారు, వేరొకటి సవరిస్తారు. తెలియనివారు పెంచడం మాత్రమే చేస్తారు. ఆ తేడాకే కొలత అని పేరు. మన పల్లెల్లో బండి చక్రం చేసే వడ్రంగికి ఈ సంగతి ఏనాడో తెలుసు. ఇరుసు ఎత్తు, ఎద్దుల మూపు ఎత్తు, కాడి వాలు చూచుకోకుండా ఆయన ఆకులు చెక్కడు. చక్రం ఘనంగా ఉండి, కాడి ఎద్దు మెడను నొక్కితే ఆ బండి ఎంత అందమైనదైనా ఏమి లాభం? పైన పటారం, లోన లొటారం అని మన పెద్దలు అన్నది ఇటువంటి వాటి గురించే.

అయితే మినీ కారుకు చెల్లినది మన రోడ్లకు యథాతథంగా చెల్లుతుందని కూడా అనుకోరాదు. టైరు గోడ ఎత్తు తగ్గిన కొద్దీ గుంతల దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. రిమ్ము వంగుతుంది, లేదా పగులుతుంది. ఎత్తైన గోడ ఉన్న టైరు ఒక దిండు వంటిది. వానాకాలం తరువాత మన వీధులు ఉండే తీరు తెలిసినవారు ఆ దిండును తేలికగా వదులుకోరు. అలాగే టైరు మీద బరువును సూచించే అంకె ఒకటి ఉంటుంది. 69 అని ఉంటే ఆ టైరు 325 కిలోల వరకు మోయగలదని అర్థం. కొత్త టైరు అంకె పాతదాని కంటె తక్కువ ఉండరాదు.

చట్టం మాట కూడా చెప్పకుండా విడువరాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే విధంగా యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా నిలబెట్టింది. అదే సంవత్సరం చేసిన సవరణ ప్రకారం చట్టం అనుమతించని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. తాము చేయదలచిన మార్పు ఈ హద్దులోకి వస్తుందా రాదా అన్నది డబ్బు చెల్లించక ముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలిసికోవడం వివేకం. బీమా సంస్థకు తెలియజేయడం కూడా అంతే అవసరం. చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం జరిగిన నాడు వివాదానికి తావిస్తుంది.

కావున చక్రం మార్చదలచిన విద్యార్థి మిత్రులకు మా సలహా క్లుప్తంగా ఇది. ముందు కాగితం మీద వ్యాసం లెక్కించండి. ఆ తరువాత బోల్టు రంధ్రాలు, ఆఫ్‌సెట్, బరువు అంకె సరిచూడండి. బండిలో నిండుగా మనుషులను కూర్చోబెట్టి, స్టీరింగును ఈ చివరి నుండి ఆ చివరికి త్రిప్పి, టైరు ఎక్కడైనా తాకుతుందేమో చూడండి. కొత్త నట్లతో పాటు స్టెప్నీకి సరిపోయే పాత నట్లు కూడా డిక్కీలో ఉంచండి. కొద్ది దూరం నడిపిన తరువాత నట్లు మరల బిగించండి. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఆ చక్రాన్ని దుకాణంలోనే వదిలి రండి. ఆ సొమ్ముతో పాత బండికి కొత్త బ్రేకు లైనింగు, మంచి షాకబ్జార్లు, తయారీదారు చెప్పిన కొలతలోనే నాలుగు కొత్త టైర్లు వేయిస్తే దానికి నిజమైన యౌవనం వస్తుంది.

కమిటీ వారికి ఒక విన్నపం. ఇటువంటి వాహనాలను ఆవరణలోకి రానివ్వకుండా నిషేధించాలని కొందరు సూచిస్తున్నట్లు విన్నాము. నిషేధం వలన అవి గేటు బయట నిలుస్తాయి గాని, రోడ్డు మీద తిరగడం మానవు. అంతకంటె, ఏడాదికి ఒక ఆదివారం మన షెడ్డులోనే వాహన పరీక్ష ఏర్పాటు చేస్తే మేలు. భౌతికశాస్త్ర శాఖవారు కొలతలు, లెక్కలు చూస్తారు. పట్టణంలోని అనుభవజ్ఞులైన ఉస్తాద్‌లను పిలిచి, వారికి తగిన పారితోషికం ఇచ్చి, బండ్లను పరీక్షింపజేయవచ్చు. మన విద్యార్థులలో పలువురి ఇళ్ళలో ఆ పనే జీవనాధారం. తండ్రి చేతికంటిన నూనె మరకను దాచుకొని కళాశాలకు వచ్చే కుమారుడు, ఆ తండ్రినే మనం గురువుగా ఆహ్వానించిన నాడు ఎంత సంతోషిస్తాడో ఊహించండి. ఆ జ్ఞానానికి పట్టా లేదు, అంతే.

మా బండికి మరల పాత 12 అంగుళాల చక్రాలే బిగించాము. అది మునుపటి వలె చిన్నదిగా, బొమ్మ వలె కనిపిస్తుంది. మా మేనల్లుడు ఇప్పుడు దానిని చూచి నవ్వడం లేదు. మొన్న ఒక మిత్రుని కారు దగ్గర వంగి, టైరు మీది అంకెలు చదివి, అరచేతిలో వ్యాసం లెక్క కడుతూ మా కంటబడ్డాడు. మా తల్లిగారు కూడా మరల ఆ కారు ఎక్కుతున్నారు. పెద్ద చక్రాల వలన మాకు కలిగిన గర్వం వారం రోజులది. ఆమె నిర్భయంగా వెనుక సీటులో కూర్చొని కిటికీలోనుండి దారి చూస్తూ ఉండడం వలన కలిగే తృప్తి అంతకంటె గొప్పదని మా విశ్వాసం.